పౌడర్ డబ్బా తర్వాత, ముందు మీ పళ్లెం చూపించండి

ఈత మాస్టారుకు ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి: ఏ కంపెనీ ప్రొటీన్ పౌడర్ తాగాలి? కంపెనీల పేర్లు చెప్పడం నా పని కాదు. విజయవాడలో పొద్దున్నే నా దగ్గర ఈదే బ్యాచ్‌లో ముప్ఫై దాటినవాళ్లూ ఉన్నారు, అరవై దాటినవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరు పౌడర్ సంగతి ఎత్తినా, నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం తిన్నారో చెప్పమంటాను. చెప్తూ చెప్తూ సగంలో వాళ్లకే అర్థమైపోతుంది. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: 25 నిండినవాళ్లకు ఐదేళ్లకో గ్రూపుగా జరిగే పోటీలను మాస్టర్స్ అంటారు. ఈ పేజీ వాళ్ల కోసమే.

ప్రశ్న: మాస్టారూ, నాకు 44. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారానికి నాలుగు రోజులు గచ్చిబౌలి పూల్‌లో దిగి, గంటలోపే ఆపకుండా 2 కిలోమీటర్లు కొడతాను. 100 మీటర్ల ఫ్రీస్టైల్ మాత్రం చాలాకాలంగా 1 నిమిషం 45 సెకన్ల దగ్గరే ఉండిపోయింది. రాష్ట్ర మాస్టర్స్‌కు వెళ్లాలని ఉంది. ఇంకో రోజు పెంచాలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రోజులు పెంచకండి. 'ఆపకుండా' అని మీరే రాశారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది. నెలల తరబడి ఒకే వేగంతో ఈదితే ఒంటికి ఆ వేగమే అలవాటవుతుంది. పోటీ రోజున వేరే వేగం కావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు మీ వేగం ఎంతో కొలుద్దాం. ఒక రోజు బాగా వార్మప్ చేసి, 400 మీటర్లు శక్తికొద్దీ ఈది టైము రాసుకోండి. పూర్తిగా తేరుకున్నాక 200 మీటర్లు అలాగే ఈదండి. మొదటి టైములోంచి రెండోది తీసేసి, వచ్చినదాన్ని సగం చేయండి. 400కి 8 నిమిషాల 20 సెకన్లు, 200కి 3 నిమిషాల 56 సెకన్లు పట్టిందనుకుందాం. తేడా 4 నిమిషాల 24 సెకన్లు. సగం చేస్తే 2 నిమిషాల 12 సెకన్లు. 100 మీటర్లకు అది మీ హద్దు. అంతకంటే వేగంగా వెళ్తే కాసేపటికే ఆయాసం ముంచేస్తుంది, నెమ్మదిగా వెళ్తే చాలాసేపు ఈదగలరు. దీన్నే కోచ్‌లు క్రిటికల్ స్విమ్ స్పీడ్ అంటారు. ఆరేడు వారాలకోసారి మళ్లీ కొలుచుకోండి.

ఇప్పుడు మీ నాలుగు రోజులనూ విడగొడదాం. మొదటి రోజు, 400 వార్మప్ అయ్యాక, 100 మీటర్లు పదిసార్లు. ఒక్కోటి 2.12లో ముగించాలి, ప్రతి రెండున్నర నిమిషాలకూ బయల్దేరాలి. అంటే మధ్యలో 18 సెకన్లే విశ్రాంతి. మొదటి మూడూ మరీ తేలిగ్గా అనిపిస్తాయి, అక్కడే జనం తొందరపడి 2.05 కొట్టేస్తారు. ఎనిమిదోది కూడా 2.12లోనే రావాలి, పరీక్ష అదే. రెండో రోజు పూర్తిగా వేగం. గచ్చిబౌలి పెద్ద పూల్ 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది, 50 మీటర్ల పొడవు. అందులో మొదటి 25 ప్రాణం పెట్టి ఈది, మిగతా 25 తేలుతూ వెళ్లి, గోడ దగ్గర నిమిషం పైగా ఆగండి. అలా ఎనిమిదిసార్లు చాలు. విశ్రాంతి తగ్గించి 'బాగా కష్టపడ్డాను' అనుకోవద్దు, వేగం తగ్గిన క్షణం నుంచి అది స్పీడ్ ప్రాక్టీస్ అనిపించుకోదు.

మూడో రోజు తొందర లేని ఈత. ఎన్నిసార్లు చెయ్యి వేస్తున్నారో లెక్కపెట్టుకోండి. 50 మీటర్లకు 56 చేతులు పడుతుంటే, వేగం తగ్గకుండా 52కి తేవడానికి ఎన్నాళ్లు పడుతుందో చూడండి. చాలామందిలో నేను చూసే లోపం ఇది: చెయ్యి ముందుకు చాచగానే అరచేతితో నీటిని కిందికి నొక్కుతారు. అప్పుడు తల పైకి లేస్తుంది, నడుము కుంగుతుంది. వేళ్లు కిందికి వంచి, మోచెయ్యి పైనే ఉంచి, అరచేతినీ ముంజేతినీ కలిపి నీటిని వెనక్కి తోయాలి. గోడ నుంచి తన్నుకునేటప్పుడు చెయ్యి మీద చెయ్యి పెట్టి, చెవులు రెండు చేతుల మధ్య ఇరుక్కునేలా చాచండి. మన వయసులో ఉచితంగా వచ్చే మీటర్లు అవే, వాటిని వదిలేసేవాళ్లే ఎక్కువ. నాలుగో రోజు మీ ఇష్టం, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్ కలిపి ఈదండి.

తిండి సంగతి మీరు అడగలేదు కానీ చెప్తాను. పొద్దున్నే దిగేవాళ్లకు ముందు ఒక అరటిపండు, చిన్న గ్లాసు కాఫీ సరిపోతాయి. ఈత అయిన గంటలోపు కడుపులో ఏదో పడాలి. ఆఫీసుకెళ్లి పదింటికి క్యాంటీన్‌లో తిందాంలే అంటే కుదరదు.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. నాకు 52 ఏళ్లు, బరువు 55 కిలోలు. పూర్తి శాకాహారిని, గుడ్డు కూడా తినను. బ్రెస్ట్‌స్ట్రోక్ 50, 100 మీటర్లు ఈదుతాను. ఈమధ్య ప్రాక్టీస్ చేసిన మర్నాడు ఒళ్లు నొప్పులు తగ్గట్లేదు. ప్రొటీన్ పౌడర్ తప్పదని మా అబ్బాయి డబ్బా కొనిచ్చాడు. అది ఒంటికి వేడి చేస్తుందని మా అత్తగారు తాగనివ్వడం లేదు.
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, అత్తగారితో గొడవ పెట్టుకోకండి, అబ్బాయినీ నొప్పించొద్దు. ముందు మీ పళ్లెంలో ఏముందో లెక్కవేద్దాం.

గట్టిగా ప్రాక్టీస్ చేసేవాళ్లకు రోజుకు కిలో బరువుకు 1.4 నుంచి 2 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. మీకు తక్కువలో తక్కువ 77 గ్రాములు. ఇక మామూలుగా మనిళ్లలో జరిగేది చూడండి. పొద్దున నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ: ఎనిమిది, తొమ్మిది గ్రాములు. మధ్యాహ్నం అన్నం, ఒక కప్పు పప్పు, కూర, పెరుగు: మహా అయితే పద్దెనిమిది. సాయంత్రం టీ, రెండు బిస్కట్లు: దాదాపు సున్నా. రాత్రి రెండు చపాతీలు, కూర, మజ్జిగ: పది. మొత్తం నలభై కూడా దాటదు. కడుపు నిండుతుంది కానీ కండ తేరుకోవడానికి కావలసిన సరుకు సగమే అందుతోంది.

అదే వంటింట్లో ఇలా మార్చండి. పొద్దున రెండు పెద్ద పెసరట్లు వేసుకోండి. అరవై గ్రాముల పెసలు పడితే 14 గ్రాములు, పెద్ద గ్లాసు పాలతో ఇంకో 8. (ఉప్మా పెట్టి ఎమ్మెల్యే పెసరట్టు చేసుకోవాలనిపిస్తే ఆదివారం చేసుకోండి.) మధ్యాహ్నం అన్నం కాస్త తగ్గించి పప్పు రెండు కప్పులు, పలుచగా కాకుండా ముద్దపప్పులా ఉండాలి. పెరుగుతో కలిపి 24 గ్రాముల దాకా వస్తుంది. సాయంత్రం గుప్పెడు వేరుశెనగలు, పుట్నాలు: 7. రాత్రి రెండు జొన్న రొట్టెలు, 30 గ్రాముల ఎండు మీల్‌మేకర్ వేసి కూర, గ్లాసు మజ్జిగ: 24. మీ 77 వచ్చేసింది, డబ్బా మూత తీయనేలేదు. మీల్‌మేకర్ నచ్చకపోతే 75 గ్రాముల పనీరు వేసుకోండి.

ఇంకో విషయం. రోజంతటిదీ రాత్రికే పెట్టుకుంటే లాభం తక్కువ. నలభై, యాభై దాటాక ఒకేసారి ఐదో పదో గ్రాములు అందితే కండరాలు పెద్దగా స్పందించవు. పూటకు ఇరవై, పాతిక గ్రాములు పడాలి. మన ఇబ్బంది ఎప్పుడూ పొద్దుటి టిఫిన్‌తోనే: ఇడ్లీ, ఉప్మా, పూరీ, అన్నీ పిండే. పెళ్లికో ప్రయాణానికో వెళ్లి వంట కుదరని రోజు ఆ పౌడర్ ఒక చెంచా పాలలో కలుపుకోండి, అంతవరకే దాని అవసరం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పకుండా మాంసకృత్తులు పెంచకూడదు. మామూలు కిడ్నీలు ఉన్నవాళ్లకు ఒక చెంచా పౌడర్‌తో వేడి చేయడమంటూ ఏమీ ఉండదు. ఆ మాట అత్తగారికి మీరు చెప్పకండి, ఈ పేజీ చదవమనండి.

మీ వయసుకు ఎముకల సంగతి కూడా చూడాలి. నీళ్లలో ఒంటి బరువు ఎముకల మీద పడదు. కీళ్లకు అది హాయి, ఎముకలకు మాత్రం పని ఉండదు. నెలసరి ఆగే వయసులో ఎముక వేగంగా పలుచబడుతుంది. అందుకని వారానికి రెండు రోజులు నేల మీద బరువులు ఎత్తాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టి, తర్వాత చేతుల్లో నీళ్ల బాటిళ్లు, ఆ తర్వాత డంబెల్స్. రాగి జావ, నువ్వుల ఉండలు క్యాల్షియానికి మంచివి. విటమిన్ డి ఒకసారి పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ రోజుకు 12 వేల క్యాలరీలు తినేవాడట కదా. నేనూ రోజూ గంట ఈదుతున్నాను, బాగానే తింటున్నాను, అయినా ఏడాదిలో నాలుగు కిలోలు పెరిగాను. ఎందుకు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ 12 వేల కథ 2008 బీజింగ్ నాటిది. అంత ఎప్పుడూ తినలేదని తర్వాత ఆయనే చెప్పాడు, ఎనిమిది నుంచి పది వేలు అన్నాడు. అదీ రోజుకు ఎన్నో గంటలు నీళ్లలో ఉండే ఇరవై మూడేళ్ల కుర్రాడి లెక్క. మీరు గంటసేపు ఓ మోస్తరు వేగంతో ఈదితే ఖర్చయ్యేది ఐదు వందల క్యాలరీలు, కాస్త అటూ ఇటూ. పూల్ గేటు బయట బండి దగ్గర ఒక ప్లేటు మిరపకాయ బజ్జీ, ఒక ప్లేటు పునుగులు తిని తీపి టీ తాగితే ఆ ఖర్చంతా తిరిగి జమ అవుతుంది. చల్లటి నీళ్లలోంచి వచ్చాక ఆకలి మామూలుకంటే ఎక్కువగా వేస్తుంది కూడా. సంచిలో ఉడకబెట్టిన శనగలో రెండు గుడ్లో పెట్టుకుని, బండి దాటేలోపే తినేయండి.

ప్రశ్న: నా వయసు 57. ఎనిమిదేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. 200 మీటర్ల ఫ్రీస్టైల్‌కు తయారవుతున్నాను. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఈదితే షుగర్ బాగా తగ్గుతుందని ఒక మిత్రుడు చెప్పాడు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: అయ్యా, ఆ మిత్రుడి మాట వినకండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం తక్కువ. గ్లిమెపిరైడ్ అలాంటిది కాదు. తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను బయటికి పంపిస్తూనే ఉంటుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ వాడేవాళ్లకూ ఇదే హెచ్చరిక.

నేల మీద షుగర్ పడిపోతే చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, మనకు తెలుస్తుంది. నీళ్లలో చెమట తెలియదు. గుండె దడ ఈత వల్లే అనుకుంటాం, చేతుల బలహీనతను అలసట అనుకుంటాం. గుర్తుపట్టేలోపు కొలను మధ్యలో ఉంటాం. అందుకే దిగేముందు వేలు గుచ్చి చూసుకోండి. 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండు తిని, పదిహేను నిమిషాలు ఆగి, మళ్లీ చూసి దిగండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి, ఆ రోజుకు ఈత వద్దు. 250 దాటి, ఒంట్లో బాగోలేకపోయినా వద్దు. గ్లూకోజ్ పొడి ఇంట్లో ఉంటే లాభం లేదు, మీ లేన్ చివర గట్టు మీద, చెయ్యి చాస్తే అందేచోట ఉండాలి. లైఫ్‌గార్డుకు మీ సంగతి ముందే చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఒంటరిగా ఎప్పుడూ ఈదొద్దు.

గట్టిగా ఈదిన రోజు రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు. ప్రాక్టీస్ రోజుల్లో మాత్ర మోతాదు మార్చాలా అని మీ డాక్టరును అడగండి. అది నేను చెప్పేది కాదు, మీరు సొంతంగా చేసేదీ కాదు. ఇక గట్టు మీద చెప్పులు లేకుండా నడవకండి. మీ బోటివాళ్లకు అరికాలి గాయం తెలియకపోవచ్చు. ఇంటికెళ్లాక వేళ్ల సందులు తుడిచి, పాదాలు తిప్పి చూసుకోండి.

ప్రశ్న: బీపీ మాత్ర వేసుకుంటే డోపింగ్ కిందికి వస్తుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మంచి ప్రశ్న, ఎవరూ అడగరు. మీ మాత్ర అట్ట మీద పేరు చివర 'హెచ్' అని ఉంటే అందులో సాధారణంగా హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంటుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు అది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ జాబితా ప్రకారం ఆ రకం మందులు పోటీ రోజుల్లోనే కాదు, అన్ని వేళలా నిషేధమే. జబ్బు కోసం వాడేవాళ్లకు వైద్య కారణాలపై మినహాయింపు తీసుకునే వీలుంది. పెద్ద పోటీలకు వెళ్లేముందు డాక్టరుతో మాట్లాడండి, వేరే మాత్ర సరిపోతుందేమో ఆయన చూస్తారు. పోటీ కోసమని మాత్ర మానేయడం మాత్రం వద్దే వద్దు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లు నాడి చూసి కష్టాన్ని కొలవకండి, ఆ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. 'ఈత ఆపగానే పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నానా' అన్నది చూసుకోండి.

ప్రశ్న: సార్, నాకు 35. రంజాన్ నెలలో రోజా ఉంటాను. ఆ తర్వాత కొన్ని వారాలకే పోటీలుంటాయి. నెలంతా ఈత మానేస్తే ఫామ్ పోతుందని టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మానేయక్కర్లేదు. దూరం తగ్గించండి, అప్పుడప్పుడూ వేగం తగులుతూ ఉంటే చాలు. ఇఫ్తార్‌కు ఖర్జూరాలు, నీళ్లు, ఏదైనా తేలికైన తిండి తీసుకుని, గంట, గంటన్నర తర్వాత పూల్ తెరిచి ఉంటే అదే మంచి సమయం. అప్పుడు 25 మీటర్ల స్పీడ్‌లు చేసుకోవచ్చు. అసలు భోజనం ఈత అయ్యాకే. సాయంత్రం పూల్ దొరక్కపోతే ఇఫ్తార్‌కు ముందు అరగంట టెక్నిక్ మాత్రమే చేయండి, ఆయాసం వచ్చే పని పెట్టుకోవద్దు. ఈతలో నీళ్లు నోట్లోకి వెళ్తే రోజా సంగతేమిటన్నది మీ పెద్దలను అడగండి.

సహరీకి టీ, బ్రెడ్డుతో సరిపెట్టుకుంటే మధ్యాహ్నానికే నీరసం వస్తుంది. గుడ్లు, పెరుగు, జొన్న రొట్టె తినండి. నీళ్లు ఒకేసారి లీటరు గుమ్మరించకుండా, ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. హలీం గురించి అడగలేదేం? మాంసం, గోధుమ, పప్పు మూడూ ఉన్న వంటకం, ఈతగాడికి అంతకంటే ఏం కావాలి! పైన తేలే నెయ్యి కాస్త తీసేసుకోండి.

ప్రశ్న: 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. 200 మీటర్లలో చివరి 50 వచ్చేసరికి చేతులు సీసంలా బరువెక్కిపోతాయి. ఇదివరకు ఇలా లేదు. ప్రాక్టీస్ సరిపోవట్లేదా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ప్రాక్టీస్ పెంచేముందు రక్తపరీక్ష చేయించమ్మా. హిమోగ్లోబిన్ ఒక్కటే కాకుండా ఫెరిటిన్ కూడా రాయమని అడుగు. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వలు అడుగంటి ఉండొచ్చు, అది ఫెరిటిన్‌లో తెలుస్తుంది. తోటకూర పప్పు వండినప్పుడు నిమ్మకాయ పిండుకో, ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే గంట వెనక్కి జరుపు. నివేదికలో తక్కువ వస్తే డాక్టరు మాత్రలు రాస్తారు. ఆకుకూరలతోనే నెట్టుకొద్దామని చూడకు, పడిపోయిన నిల్వలు వాటితో త్వరగా నిండవు.

ప్రశ్న: ఫ్రీస్టైల్ ఈదుతుంటే కుడి భుజం ముందువైపు నొప్పి. పాడిల్స్ వేసుకుంటే ఇంకా ఎక్కువ. నొప్పి మందు రాసుకుని కొనసాగించవచ్చా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: పాడిల్స్ సంచిలో పెట్టేయండి, కొన్నాళ్లు తీయొద్దు. చేతికి పలక కట్టుకుంటే నీటి బరువంతా భుజం మీద పడుతుంది. ఎవరినైనా లేన్ చివర నిలబెట్టి ఎదురుగా వీడియో తీయించుకోండి. మీ కుడిచెయ్యి నీళ్లలో పడేటప్పుడు తల ముందు నుంచి ఎడమవైపుకు దాటుతోందా చూడండి, చాలావరకు దాటుతుంది. చెయ్యి భుజానికి సూటిగా ముందు పడాలి, బొటనవేలు ముందుగా దిగకూడదు. ఎప్పుడూ ఒకవైపే ఊపిరి తీసుకునేవాళ్లకు ఈ నొప్పి ఎక్కువ, రెండోవైపూ అలవాటు చేసుకోండి. రబ్బరు బ్యాండు తలుపు గడియకు కట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి, ముంజేతిని బయటికి లాగే వ్యాయామం రోజు విడిచి రోజు చేయండి. రాత్రి ఆ వైపు పడుకోలేకపోతున్నా, చెయ్యి పైకెత్తలేకపోతున్నా నా ఉత్తరం కోసం చూడకుండా ఫిజియో దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: వచ్చే నెల పోటీ. పొద్దున తొమ్మిదింటికి 50 ఫ్రీ, మధ్యాహ్నం ఒంటిగంటకు 200 మెడ్లే (నాలుగు రకాల ఈతలూ కలిపి). ముందు రోజుల్లో ఏం తినాలి, ఆ రోజు ఏం తినాలి? ప్రాక్టీస్ ఎప్పుడు ఆపాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ప్రాక్టీస్ ఆపకూడదు, తగ్గించాలి. పోటీకి పది రోజుల ముందు నుంచి దూరం మెల్లగా సగానికి తేవాలి. వేగం మాత్రం తగ్గకూడదు: రోజూ నాలుగైదు 25లు పోటీ వేగంతో ఉండాలి. ఈ రోజుల్లో ఒళ్లు బద్ధకంగా, బరువుగా అనిపిస్తుంది. భయపడి చివరి రెండు రోజుల్లో కిలోమీటర్లు కొట్టేవాళ్లను చూస్తుంటాను, పోటీ రోజున వాళ్ల ముఖాలూ చూస్తుంటాను.

50, 200 మీటర్లకు ముందు రోజు అన్నం గుట్టలుగా తిని పిండి పదార్థాలు నింపుకోవాల్సిన పనిలేదు. అది గంటల తరబడి ఈదేవాళ్లకు. రోజూ తినేదే, కాస్త తక్కువ నూనెతో, కాస్త తక్కువ కారంతో, ఎనిమిదింటికల్లా తినేయండి. పొద్దున ఆరున్నరకు మూడు ఇడ్లీలు, కొంచెం పల్లీ చట్నీ, కాఫీ అలవాటుంటే కాఫీ. సాంబారు వద్దు, మధ్యలో కడుపు మండితే ఎవరిని అంటాం? కొత్త పదార్థమేదీ ఆ రోజు మొదలుపెట్టకూడదు.

50 అవ్వగానే ఇంకో లేన్‌లో పది నిమిషాలు మెల్లగా ఈదండి, తర్వాత ఒళ్లు తుడుచుకుని పొడిబట్టలు వేసుకోండి. ఒంటిగంట లోపు మీకు నాలుగు గంటలుంది. పదింటికి పెరుగన్నం ఒక చిన్న డబ్బా, పదకొండున్నరకు అరటిపండు, పన్నెండున్నరకు రెండు మూడు ఖర్జూరాలు, మధ్యమధ్యలో నీళ్లు. పోటీలకు వెళ్తే పన్నెండింటికల్లా నిర్వాహకులు భోజనాలు పెట్టేస్తారు. బిర్యానీ వాసనకు సగం మంది లైన్లో నిలబడతారు. మీ ప్యాకెట్ తీసుకుని పక్కన పెట్టుకోండి, మెడ్లే అయ్యాక తినొచ్చు. మాస్టర్స్‌లో సాధారణంగా హీట్స్, ఫైనల్స్ వేరుగా ఉండవు, ఒక్కసారి ఈదిన టైమే లెక్క. కాబట్టి 'మొదటిసారి చూసి ఈదుదాం' అనుకోకండి.

ప్రశ్న: విజయవాడ ఎండల్లో ప్రాక్టీస్ చేస్తుంటే పిక్కలు పట్టేస్తున్నాయి. నీళ్లలోనే ఉంటాం కదా, దాహం ఎందుకు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నీళ్లలోనూ చెమట పడుతుంది, కనిపించదంతే. మే నెలలో పైకప్పు లేని కొలనులో నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. బహిరంగ జలాల పోటీల్లో నీటి ఉష్ణోగ్రత 31 డిగ్రీలు దాటితే పోటీయే పెట్టకూడదని అంతర్జాతీయ ఈత సంస్థ ప్రపంచ అక్వాటిక్స్ నిబంధన, మన మధ్యాహ్నపు కొలను దానికి దగ్గరదగ్గరగా ఉంటుంది. దిగేముందు, ఎక్కాక బరువు చూసుకోండి. అరకిలో తగ్గితే అది కొవ్వు కాదు, అర లీటరు నీరు. ఆ మేరకు, ఇంకాస్త ఎక్కువే, గంట రెండు గంటల్లో తాగండి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ బాటిల్ గట్టు మీద పెట్టుకోండి, రంగు నీళ్ల బాటిళ్లకంటే చౌక. పిక్క పట్టేది ఉప్పు తక్కువై ఒక్కటే కాదు, అలవాటు లేని కిక్ ఒక్కసారిగా ఎక్కువ చేసినా పడుతుంది. కిక్ బోర్డు దూరం మెల్లగా పెంచండి. ఎండాకాలం ప్రాక్టీస్ పొద్దున ఆరున్నరలోపే ముగించండి.

ప్రశ్న: నాకు 68. చిన్నప్పుడు కాలవలో ఎండు సొరకాయ కట్టుకుని నేర్చుకున్న ఈతే. పోటీకి దిగితే నవ్వుతారా? బ్లాకు (గట్టు మీది దిమ్మ) మీంచి దూకడం భయం. బటర్‌ఫ్లైలో రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్ రాదు.
— ఒక రైతు, భీమవరం

జవాబు: నేను నేర్చుకుందీ బందరు కాలవలోనే, కాబట్టి మనం ఒకే స్కూలు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల గారు 2021లో మన దేశానికీ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధి దాటేనాటికి యాభైకి దగ్గరపడ్డారు. తర్వాత విశాఖ నుంచి కాకినాడ దాకా సముద్రంలో రోజుల తరబడి ఈది 2025 జనవరి మొదట్లో ఒడ్డుకు చేరారు. మీరు 50 మీటర్లకు జంకుతున్నారు.

బ్లాకు ఎక్కక్కర్లేదు. మాస్టర్స్ నిబంధనల్లో గట్టు మీంచి దిగొచ్చు, నీళ్లలోనే గోడ పట్టుకుని తన్నుకుని బయల్దేరొచ్చు. బటర్‌ఫ్లైలో బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్ కూడా కొట్టొచ్చు, ఆ వెసులుబాటు మన వయసువాళ్ల కోసమే పెట్టారు. ముందు ఈసీజీ, బీపీ చూపించుకుని డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి. ఫారంలో వయసు రాసేటప్పుడు పోటీ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి ఎన్నేళ్లు నిండుతాయో అది రాయండి. 65-69 గ్రూపులో ఉన్నారో, 70-74లోకి వెళ్తారో దాన్నిబట్టే తేలుతుంది.